డిజిటల్ కాన్సర్ట్ హాల్ చందా: క్లాడియో అబ్బాడో కోసమైనా తీసుకోదగినది

బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా తన కచేరీలను ఇంటర్నెట్ ద్వారా ప్రపంచమంతటికీ అందించే చందా సేవ పేరు డిజిటల్ కాన్సర్ట్ హాల్. 2009 జనవరిలో తొలి ప్రత్యక్ష ప్రసారం చేసిన ఈ సేవను సికింద్రాబాద్‌లోని మా ఇంట్లో చాలాకాలంగా వాడుతున్నాను. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద ఆసక్తి ఉండి, దీనికి డబ్బు పెట్టవచ్చా అని ఆలోచిస్తున్న తెలుగు శ్రోతల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో వందలాది కచేరీలు ఉన్నప్పటికీ నేను ఒక్క మనిషినే ఆధారంగా తీసుకుంటాను. ఆయన 1989లో ఎన్నికై 2002 వరకు ఆ ఆర్కెస్ట్రాకు ప్రధాన కండక్టర్‌గా పనిచేసిన ఇటలీ సంగీతకారుడు క్లాడియో అబ్బాడో. వేదిక మధ్యలో నిలబడి చేతులు కదిపే ఆ వ్యక్తి అసలు చేసే పని ఏమిటన్న ప్రశ్న మన ప్రాంతంలో ఆర్కెస్ట్రా వినడం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ వస్తుంది. దానికి ఈ సేవలో దొరికినంత స్పష్టమైన జవాబు నాకు మరెక్కడా దొరకలేదు.

మన కచేరీలో గాయకుడు, వయొలిన్ విద్వాంసుడు, మృదంగ విద్వాంసుడు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు, వారి మధ్య సాగే సైగలు సభలో కూర్చున్న మనకు కూడా కనిపిస్తాయి. ఆర్కెస్ట్రా కచేరీలో మాత్రం కండక్టర్ శ్రోతలకు వీపు చూపించి నిలబడతాడు కాబట్టి, అతని పనిలో సగానికి పైగా శ్రోతలకు కనిపించదు. రికార్డులో అయితే అసలు మనిషే ఉండడు. హన్స్ షరూన్ రూపకల్పన చేయగా 1963 అక్టోబర్‌లో ప్రారంభమైన బెర్లిన్ ఫిల్‌హార్మనీ భవనం ఈ లోటును కొంత తీర్చింది. అక్కడ వేదిక హాలు నడిమి భాగంలో ఉండి, శ్రోతల వరుసలు దాని చుట్టూ ఎత్తుపల్లాలుగా లేస్తాయి. ఆర్కెస్ట్రా వెనుక వరుసల్లో టికెట్ దొరికిన వారికి కండక్టర్ ముఖం నేరుగా కనిపిస్తుంది. డిజిటల్ కాన్సర్ట్ హాల్ ఆ వెనుక వరుస కుర్చీని మన ఇంటికి తెచ్చింది. హాల్లో కెమెరా పట్టుకుని తిరిగే మనుషులు ఉండరు, కెమెరాలన్నిటినీ భవనంలోని ఒక స్టూడియోలో కూర్చుని నడుపుతారు. కాబట్టి చిత్రీకరణ జరుగుతున్నదన్న ఇబ్బంది వాద్యకారుల ముఖాల్లో కనబడదు.

కండక్టర్ ముఖం చూడడం కోసం అబ్బాడో తన చదువుకునే రోజుల్లో పడిన తాపత్రయం తెలిస్తే ఈ సౌకర్యం విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. ఆయన 1933 జూన్ 26న మిలాన్ నగరంలో సంగీత కుటుంబంలో పుట్టాడు. తండ్రి మైకెలాంజెలో అబ్బాడో పేరున్న వయొలిన్ ఉపాధ్యాయుడు, తల్లి పియానో వాయించేది, పిల్లల కోసం కథలు రాసేది. చిన్నతనంలో లా స్కాలా నాటకశాలలో ఆంటోనియో గ్వార్నియేరి నిర్వహణలో ఫ్రెంచి స్వరకర్త దెబ్యుసీ రాసిన ‘నాక్టర్న్స్’ విని, ఏనాటికైనా ఈ సంగీతాన్ని తానే నడిపించాలని డైరీలో రాసుకున్నాడని చెబుతారు. యుద్ధకాలంలో ఇంటి దగ్గర గోడ మీద ‘బార్టోక్ జిందాబాద్’ అన్న అర్థం వచ్చేలా ఆ పిల్లవాడు రాస్తే, హంగరీ స్వరకర్త అయిన ఈ బార్టోక్ ఎవరో తిరుగుబాటుదారు కాబోలని నాజీల రహస్య పోలీసులైన గెస్టపో మనుషులు ఆరా తీశారన్న సంగతి కూడా ప్రసిద్ధమే. తరువాత వియన్నాలో హన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర కండక్టింగ్ నేర్చుకున్నాడు. అక్కడ ఆయన సహాధ్యాయి బొంబాయి నుంచి వచ్చిన పార్సీ యువకుడు జుబిన్ మెహతా.

ఆ రోజుల్లో వియన్నాలో పెద్ద కండక్టర్ల రిహార్సల్స్‌లోకి విద్యార్థులను రానిచ్చేవారు కాదు. మిత్రులిద్దరూ ఒక ఉపాయం ఆలోచించి, మ్యూజిక్‌ఫెరైన్ భవనంలో పాడే పెద్ద గాయకబృందంలో మంద్రస్వర గాయకులుగా చేరారు. బృందం నిలబడే చోటు ఆర్కెస్ట్రా వెనుకే కాబట్టి, బ్రూనో వాల్టర్, హెర్బర్ట్ ఫాన్ కరాయాన్ వంటి వారు రిహార్సల్‌లో ఏ మాటకు ముఖం చిట్లించారో, ఏ స్వరానికి ముందుగా కళ్ళెత్తారో అన్నీ వారికి ఎదురుగా కనిపించేవి. ఈ చందాతో మనం కొనుక్కునేది సరిగ్గా ఆ చోటునే అని నా అభిప్రాయం. పాడడం రాకపోయినా ఆ వరుసలో నిలబడే అవకాశం ఇది. దీనికి మించిన సిఫారసు నేను చేయలేను.

1958లో అమెరికాలోని టాంగిల్‌వుడ్‌లో జరిగిన పోటీలో అబ్బాడోకు మొదటి బహుమతి, మెహతాకు రెండవది వచ్చాయి. మెహతా జీవితం మన పాఠకులకు కొంత పరిచయమే. మాంట్రియల్, లాస్ ఏంజెలిస్, న్యూయార్క్, టెల్ అవీవ్ నగరాల ఆర్కెస్ట్రాలను నడిపాడు, 2001లో పద్మవిభూషణ్ అందుకున్నాడు. ఆయన కచేరీలూ ఈ సేవలో ఉన్నాయి, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే గురువు దగ్గర నేర్చిన ఇద్దరి చేతులు ఎంత వేరుగా ఉంటాయో తెలుస్తుంది. అబ్బాడో నెమ్మదిగా ఎదిగాడు. 1965లో కరాయాన్ ఆహ్వానం మీద సాల్జ్‌బర్గ్‌లో వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో ఆస్ట్రియా స్వరకర్త గుస్తావ్ మాలర్ రెండవ సింఫనీ నిర్వహించడంతో పేరు వచ్చింది. 1968 నుంచి 1986 వరకు లా స్కాలాలో పనిచేస్తూ, సంపన్నుల కాలక్షేపంగా ముద్రపడిన ఆ నాటకశాలకు కార్మికులను, విద్యార్థులను రప్పించే కచేరీలు పెట్టాడు. లండన్ సింఫనీ బాధ్యతలు ఆ కాలంలోనే, వియన్నా స్టేట్ ఒపేరా బాధ్యతలు ఆ తరువాత చేపట్టాడు.

ఇక బెర్లిన్ సంగతి. అబ్బాడో అక్కడ తెచ్చిన మార్పు అర్థం కావాలంటే, ఈ సేవలోనే ఉన్న కరాయాన్ పాత చిత్రాల్లో ఒకటైనా ముందుగా చూడాలి. కరాయాన్ 1955 నుంచి 1989 వరకు ఆ ఆర్కెస్ట్రాను నడిపాడు. 1960ల నుంచే కచేరీలను సినిమాల్లా తీయించడం మీద ఆయనకు విపరీతమైన పట్టు ఉండేది. ముందే రికార్డు చేసిన సంగీతానికి వాద్యకారులు వాయిస్తున్నట్టు నటించగా తీసినవి వాటిలో చాలా ఉన్నాయి. వాద్యాల మెరుపు, వరుసగా కదిలే కమానులు, వెలుగులో కరాయాన్ ముఖం, ఆ ముఖంలో మూసి ఉన్న కళ్ళు కనిపిస్తాయి. వాద్యకారుల ముఖాలు తక్కువ. చూడడానికి గొప్పగా ఉంటాయి, సంగీతం నిస్సందేహంగా మహత్తరంగా ఉంటుంది. అయితే ఆ దృశ్యాలలో ఒకే మనిషి సంకల్పం కనబడుతుంది, మిగతా వారంతా ఆ సంకల్పానికి చేతులుగా ఉంటారు.

1989 జూలైలో కరాయాన్ మరణించిన తరువాత, అక్టోబర్‌లో ఆర్కెస్ట్రా సభ్యులు ఓటు వేసి అబ్బాడోను ఎన్నుకున్నారు. తమ నాయకుణ్ణి వాద్యకారులే ఎన్నుకోవడం ఆ సంస్థ పద్ధతి. తనను పదవి పేరుతో పిలవవద్దని, అందరికీ తాను క్లాడియోనేనని ఆయన మొదట్లోనే వారికి చెప్పాడు. రిహార్సల్‌లో తక్కువ మాట్లాడేవాడు, ఒకరినొకరు వినమని మాత్రం పదేపదే అడిగేవాడు. అలవాటైన ఆజ్ఞలు లేకపోవడంతో కొందరు వాద్యకారులు మొదట ఇబ్బంది పడ్డారన్న మాట కూడా ఉంది. ఆ కాలంలోనే అనేకమంది యువ వాద్యకారులు ఆర్కెస్ట్రాలో చేరారు, జర్మన్ కవి హోల్డర్‌లిన్, ఫౌస్ట్ కథ, షేక్‌స్పియర్ వంటి అంశాల చుట్టూ ఏడాది పొడవునా కచేరీలు అల్లే పద్ధతి వచ్చింది.

ఇక్కడ ఈ సేవకున్న ఒక పరిమితిని చెప్పాలి. హాల్లో సొంత కెమెరాలు అమరింది 2008లో కాబట్టి, అబ్బాడో ప్రధాన కండక్టర్‌గా ఉన్న కాలంలోని సాధారణ వారపు కచేరీలు ఇందులో ఆశించకూడదు. బయటి సంస్థలు టెలివిజన్ కోసం చిత్రీకరించిన ప్రత్యేక కచేరీలే ఆ కాలానికి ఆధారం. వాటిలో 1991 మే 1న ప్రాగ్ నగరంలో జరిగిన తొలి యూరోపా కచేరీని తప్పక చూడమంటాను. ఆర్కెస్ట్రా తన పుట్టినరోజున ప్రతి ఏటా ఒక యూరప్ నగరంలో ఇచ్చే కచేరీల పరంపరకు అదే మొదలు. ఇనుపతెర తొలగి రెండేళ్ళయినా కాని సమయంలో, మోట్సార్ట్ మరణించి 200 ఏళ్ళు నిండిన సంవత్సరంలో, ఆయన ఒపేరా ‘డాన్ జొవాన్ని’ తొలి ప్రదర్శన జరిగిన ఊళ్ళో మోట్సార్ట్ సంగీతం వాయించారు. అందులో అబ్బాడో యాభై ఏడేళ్ళ వాడు, ఆరోగ్యంగా, చురుకుగా ఉంటాడు. తరువాతి కచేరీల్లో కనిపించే మనిషితో పోల్చి చూడడానికైనా ఆ రూపం గుర్తుంచుకోవాలి.

2002 తరువాత కొనసాగనని 1998లోనే ప్రకటించిన అబ్బాడోకు 2000లో జీర్ణాశయ క్యాన్సర్ బయటపడింది. పెద్ద శస్త్రచికిత్స జరిగింది. 2001 జనవరిలో, ఇటలీ స్వరకర్త వెర్డీ నూరవ వర్ధంతి రోజుల్లో, బెర్లిన్‌లో మృతుల కోసం ఆయన రాసిన ప్రార్థనా సంగీతం ‘రెక్వియమ్’ నిర్వహించడానికి వచ్చేనాటికి అబ్బాడో బుగ్గలు లోపలికి పోయి, కోటు భుజాల మీద వేలాడుతున్నట్టు ఉంది. చిత్రీకరించిన ఆ కచేరీని చూసినవారికి అది మరపున పడదు. తరువాతి కాలంలో లూసర్న్‌లో తనకు ఇష్టమైన వాద్యకారులను పోగుచేసి 2003 నుంచి ఏటా వేసవిలో మాలర్, బ్రుక్‌నర్ సింఫనీలు నిర్వహించాడు, బొలోన్యాలో 2004లో ఆర్కెస్ట్రా మోట్సార్ట్ స్థాపించాడు, వెనిజులాలో పేద పిల్లలకు సంగీతం నేర్పే ఎల్ సిస్తేమాకు అండగా నిలిచాడు. మిలాన్‌లో మళ్ళీ కచేరీ చేయాలంటే పారితోషికంగా నగరంలో 90,000 చెట్లు నాటాలని అడిగిన మనిషి ఆయన. ఆ కోరిక నెరవేరకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

బెర్లిన్‌కు మాత్రం ప్రతి ఏటా మే నెలలో వచ్చేవాడు. 2008 మేలో ఆయన రావలసిన రోజుల్లోనే ఫిల్‌హార్మనీ పైకప్పు అంటుకోగా, కచేరీని వాల్డ్‌బ్యూనె అనే ఆరుబయలు రంగస్థలానికి మార్చారు. ఆ మరుసటి ఏటి నుంచి 2013 వరకు వచ్చిన మే కచేరీలే ఈ సేవలో అబ్బాడో సంపద. ప్రత్యక్షంగా, ఇంటి కెమెరాలతో, ఎదుటి వరుస నుంచి చిత్రీకరించినవి ఇవి.

వాటిలో నేను అన్నిటికంటే ఎక్కువగా తిరిగి చూసేది 2011 మే 18 నాటి కచేరీ. అంతకు సరిగ్గా నూరేళ్ళ క్రితం అదే రోజున మాలర్ మరణించాడు. మొదట మాలర్ పూర్తి చేయకుండా వదిలిన పదవ సింఫనీలోని అడాజియో అనే నెమ్మది భాగం, తరువాత ఆరు పాటల ‘దాస్ లీడ్ ఫోన్ డేర్ ఎర్డె’ (భూమి పాట). పాడినవారు ఆనె సోఫీ ఫోన్ ఓటర్, యోనాస్ కౌఫ్‌మన్. ఈ పాటల కూర్పును మాలర్ చనిపోయిన కొన్ని నెలలకు తొలిసారి వినిపించింది బ్రూనో వాల్టర్. ఏ వాల్టర్‌ను చూడడానికి అబ్బాడో గాయకబృందంలో చేరాడో ఆ వాల్టరే. దాదాపు అరగంట సాగే చివరి పాట వీడ్కోలు పాట. అందులో ఒక దగ్గర ఆర్కెస్ట్రా అంతా ఆగి, ఒక్క ఫ్లూట్, అడుగున చెల్లోల నిలకడ స్వరం, వాటి మీద గాయని గొంతు మాత్రమే మిగులుతాయి. ఇక్కడ కాలప్రమాణం కచ్చితంగా వేయడానికి ఏమీ లేదు, ఫ్లూట్ తన ఊపిరి మేరకు కదలాలి. కుడిచేతిలోని కర్రను దాదాపు నిలిపి, ఎడమచేతిని తెరిచి ఉంచి, కళ్ళు మాత్రం ఫ్లూట్ వైపు నిలిపే అబ్బాడో పద్ధతి ఇటువంటి చోట్ల స్పష్టంగా తెలుస్తుంది. శబ్దం మాత్రమే విన్నప్పుడు అది ఆ వాద్యకారుడి ప్రతిభ అనుకుంటాం. చూసినప్పుడు, ఆ ప్రతిభకు చోటు ఇచ్చిన మనిషి కూడా కనిపిస్తాడు.

2013 మే కచేరీ ఆ ఆర్కెస్ట్రాతో ఆయన చివరిది. మెండెల్సన్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ సంగీతం, బెర్లియోజ్ ‘సింఫనీ ఫాంటాస్టిక్’ అందులో ఉన్నాయి. చిక్కడపల్లిలో పిల్లలకు మృదంగం చెప్పే ఒక మాస్టారు మా ఇంటికి వచ్చినప్పుడు ఈ బెర్లియోజ్ మూడవ భాగం ఆయనకు చూపించాను. పొలాల మధ్య ఇద్దరు గొర్రెలకాపరులు ఊదుకుంటున్నట్టుగా, వేదిక మీద కార్ ఆంగ్లే అనే మంద్ర వాద్యం ఒక పలుకు పలికితే, హాలు బయటి నుంచి నాదస్వరం జాతి వాద్యమైన ఓబో బదులు చెబుతుంది. భాగం చివర అదే కార్ ఆంగ్లే మళ్ళీ పిలుస్తుంది, బదులు రాదు. నలుగురు కలిసి వాయించే టింపనీలనే పెద్ద భేరీల మీద దూరపు ఉరుము వినిపిస్తుంది. మాస్టారు కళ్ళద్దాలు సవరించుకుని తెరకు దగ్గరగా జరిగి కూర్చున్నారు. ‘‘ఈయన ఎవరికీ ఎత్తుగడ చూపించడం లేదండీ, వాళ్ళు ఎత్తుకున్నాక వింటున్నాడు. మా పెద్దవాళ్ళు తని ఆవర్తనం వదిలిపెట్టి ఇట్లాగే కూర్చునేవారు’’ అన్నారు. పాశ్చాత్య సంగీతం పేరు వింటేనే పెద్దగా ఇష్టపడని ఆయన ఆ భాగాన్ని మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నారు. ఆ తరువాత ఎనిమిది నెలలకు, 2014 జనవరి 20న, అబ్బాడో బొలోన్యాలో కన్నుమూశాడు.

సేవ గురించి ఆచరణలో తెలియవలసిన సంగతులకు వస్తాను. సీజన్‌లో ఇంచుమించు 40 కచేరీలు ప్రత్యక్షంగా వస్తాయి, అవి కొద్ది రోజుల్లో ఆర్కైవ్‌లో చేరతాయి. ఎక్కువగా శనివారం సాయంత్రం బెర్లిన్‌లో ఏడు గంటలకు మొదలవుతాయి కాబట్టి, వారి వేసవి కాలమానంలో మనకు రాత్రి 10:30, శీతకాలంలో 11:30 అవుతుంది. మరునాడు ఆదివారం కాబట్టి ఉద్యోగస్తులకు కూడా వీలవుతుంది. ఎనిమిది గంటలకు మొదలయ్యే కచేరీ అయితే శీతకాలంలో మనకు అర్ధరాత్రి దాటుతుంది, దాన్ని ఆర్కైవ్‌లోకి వచ్చాక చూసుకోవడమే మంచిది. ఫోన్‌లో చూడవచ్చు కానీ వద్దంటాను. స్మార్ట్ టీవీ యాప్‌లో పెట్టి, టీవీ లోపలి స్పీకర్లు కాకుండా ఒక మోస్తరు స్టీరియో స్పీకర్లకో మంచి హెడ్‌ఫోన్లకో కలుపుకోవాలి. మాలర్ వంటి వారి సంగీతంలో అతి సన్నని ధ్వనికీ పెనుధ్వనికీ మధ్య తేడా చాలా ఎక్కువ. ఫ్యాన్ చప్పుడు, వీధిలో ఆటోల హారన్లు ఆ సన్నని భాగాలను మింగేస్తాయి. మా ఇంట్లో అందుకే రాత్రి పది తరువాతే పెడతాం. నగరంలో ఇప్పుడు ఇళ్ళకు వస్తున్న ఫైబర్ ఇంటర్నెట్ దీనికి ధారాళంగా సరిపోతుంది.

ధర యూరోలలో ఉంటుంది, మార్పిడి రేటును బట్టి మన లెక్కలో ఎక్కువే అనిపిస్తుంది. సినిమాల యాప్‌ల చందాతో పోల్చి చూసేవారికి ఇది ఖరీదైన సరుకు. వారానికి, నెలకు, ఏడాదికి విడివిడిగా టికెట్లు ఉన్నాయి. మన కార్డులలో విదేశీ చెల్లింపుల అనుమతి ముందుగా తెరిచి పెట్టుకోవాలి. ఇంటర్వ్యూలు, పిల్లల కోసం చేసిన కార్యక్రమాలు ఖాతా తెరిస్తే ఉచితంగా చూడవచ్చు. వివరాలు, ఉపశీర్షికలు ఇంగ్లీషు, జర్మన్ వంటి భాషల్లోనే ఉంటాయి, తెలుగు లేదు. ‘దాస్ లీడ్ ఫోన్ డేర్ ఎర్డె’ వంటి కూర్పులకు పాటల అర్థం తెలియకుండా కూర్చుంటే సగం నష్టం కాబట్టి, సాహిత్యం ముందుగా చదువుకుని కూర్చోమని నా సలహా.

చిత్రీకరణ విషయంలో నాకు ఒక చిన్న అసంతృప్తి ఉంది. శ్రుతి మారే ఘట్టాల్లో కెమెరా చాలాసార్లు వాయిస్తున్న వాద్యం మీదకు పోతుంది. ఆ వాద్యం ఏదో తెలియని కొత్త శ్రోతకు అది మంచి సహాయమే. కండక్టర్‌ను చదవాలనుకునే వారికి మాత్రం, సంకేతం ఇచ్చిన ముఖం సరిగ్గా కావలసిన క్షణంలో తప్పిపోతుంది. కండక్టర్ మీదే నిలిపిన కెమెరాను ఎంచుకునే వీలు ఉంటే, సంగీత విద్యార్థులు ఎంత ధరైనా పెడతారని నా నమ్మకం.

హైదరాబాద్‌లో స్థిరమైన సింఫనీ ఆర్కెస్ట్రా లేదు. దేశంలో ఆ స్థాయి బృందం వినాలంటే 2006లో ముంబైలో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా దాకా వెళ్ళాలి. వెళ్ళగలిగినవారు తప్పక వెళ్ళాలి, హాల్లో గాలితో పాటు కదిలే ధ్వనికి ఏ స్పీకరూ సాటి రాదు. వెళ్ళలేనివారికి, ముఖ్యంగా పియానో, వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లలున్న ఇళ్ళకు, ఈ చందాను గట్టిగా సిఫారసు చేస్తాను. ఇంట్లో పనులు చేసుకుంటూ వెనుక సంగీతం మోగుతూ ఉండాలనుకునే వారికి మాత్రం మామూలు పాటల యాప్ చాలు, వారు దీనికి డబ్బు పెట్టనవసరం లేదు.

మొదటిసారే ఏడాది టికెట్ కొనవద్దు. ఒక నెల టికెట్ తీసుకుని, కరాయాన్ పాత చిత్రం ఒకటి, ప్రాగ్ 1991, మాలర్ 2011, బెర్లియోజ్ 2013, ఈ వరుసలో వారానికొకటి చూడండి. మధ్యలో జుబిన్ మెహతా కచేరీ ఒకటి పెట్టుకోండి. నెల పూర్తయ్యాక ఇంకా చూడాలనిపిస్తే అప్పుడు ఏడాదిది తీసుకోవచ్చు. ఆ ఏడాదిలో అబ్బాడో తరువాత వచ్చిన సైమన్ రాటిల్, 2019 నుంచి ప్రధాన కండక్టర్‌గా ఉన్న కిరిల్ పెట్రెంకో చేతులను కూడా ఇదే విధంగా ఎదురుగా నిలబడి చూడవచ్చు.